నెట్ ఆగిందా? రీసెట్ బటన్ నొక్కేయకండి.. ముందు డబ్బా మీద ఏ లైట్ వెలుగుతుందో చూడండి!

కరెంట్ స్తంభం నుంచి మీ ఫోన్ దాకా ఇంటర్నెట్ వచ్చే దారిలో ఎన్ని మజిలీలున్నాయి? ఓఎన్‌టీ, రూటర్, ఐపీ అడ్రస్, డీఎన్ఎస్.. ఈ మాటలకు అర్థమేంటి? ఇవి తెలిస్తే నెట్ ఎక్కడ ఆగిందో మీరే కనిపెట్టొచ్చు.

సాయంత్రం ఏడు గంటలు. పాతబస్తీ షాలిబండలో ఓ మూడంతస్తుల ఇల్లు ఉందనుకుందాం. కింద గాజుల షాపు, పైన రెండు పోర్షన్లు. అందరికీ కలిపి ఒకటే నెట్ కనెక్షన్. షాపులో బిల్లింగ్ కంప్యూటర్, రెండు సీసీ కెమెరాలు. మొదటి అంతస్తులో టీవీ. పై అంతస్తులో ఇంటర్ చదివే అమ్మాయి ఆన్‌లైన్‌లో మాక్ టెస్ట్ రాస్తోంది. సరిగ్గా అప్పుడే అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

ఇక ఇంట్లో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. రీచార్జ్ అయిపోయిందేమో అని ఒకరు. డబ్బా కాలిపోయింది, కొత్తది కొనాల్సిందే అని ఇంకొకరు. ఈలోగా ఎవరో ఒకరు పిన్నీసు తీసుకొచ్చి, రూటర్ వెనక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను గట్టిగా నొక్కేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే, ముందు నెట్ ఏ దారిలో ఇంటికి వస్తుందో చూడాలి.

గాల్లో వేలాడే దారి

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు నెట్ వచ్చేది కరెంట్ స్తంభాల మీదుగానే. పాతబస్తీ గల్లీల్లో అయితే చెప్పక్కర్లేదు. ఒక్కో స్తంభానికి గుత్తులు గుత్తులుగా వైర్లు. అందులో పనిచేసేవి ఏవో, ఎప్పుడో వదిలేసినవి ఏవో చూసి చెప్పడం కష్టం.

2025 ఆగస్టులో ఈ వైర్లపై పెద్ద చర్చే జరిగింది. ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంట్ తగిలి ఐదుగురు చనిపోయారు. రెండు రోజులు తిరగకముందే పాతబస్తీ బండ్లగూడలో గణేశ్ విగ్రహాన్ని తరలిస్తుండగా విద్యుత్ తీగలు తగిలి ఇద్దరు యువకులు ప్రాణాలు కోల్పోయారు. దాంతో స్తంభాలకు అడ్డదిడ్డంగా వేలాడుతున్న కేబుళ్లను తొలగించాలని విద్యుత్ శాఖను కూడా చూస్తున్న డిప్యూటీ సీఎం మల్లు భట్టి విక్రమార్క ఆదేశించారు. సిబ్బంది కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టగానే నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్ నిలిచిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగింది ఇదే. వైరు తెగింది వీధిలో. జనం తిట్టుకున్నది మాత్రం ఇంట్లో ఉన్న డబ్బాను. ఎక్కడ తెగిందో తెలిస్తే ఆ తిప్పలు ఉండేవి కావు.

వైరులో పారేది వెలుతురు

ఇప్పుడు ఇళ్లకు వస్తున్నది ఎక్కువగా ఆప్టికల్ ఫైబర్. పేరు పెద్దదే కానీ విషయం సింపుల్. వెంట్రుకంత సన్నని గాజు తీగ అది. అందులో కరెంట్ పారదు. లేజర్ వెలుతురు పారుతుంది. ఆ వెలుతురు సెకనులో కోట్లసార్లు ఆరి వెలుగుతూ సమాచారం మోస్తుంది. మీరు చూసే వీడియో, పంపే ఫొటో అన్నీ ఈ వెలుతురు మిణుకుల్లోనే వస్తాయి, పోతాయి.

గాజు కాబట్టి దీనికో బలహీనత ఉంది. మరీ మడిస్తే వెలుతురు మలుపు తిరగలేదు, బయటికి జారిపోతుంది. తలుపు సందులో నలిగినా, మేకుకు చుట్టి బిగించినా, ఎలుక కొరికినా నెట్ స్లో అవుతుంది లేదా పూర్తిగా పోతుంది. గోడ మూలల్లో వైరును చపాతీలా మడవకుండా గుండ్రంగా తిప్పమని టెక్నీషియన్లు చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. స్తంభం నుంచి వచ్చే ఫైబర్ మొత్తం మీ ఒక్క ఇంటిదే కాదు. మధ్యలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం ఉంటుంది. ఒక గాజు తీగలో వచ్చే వెలుతురును అది చాలా ఇళ్లకు పంచుతుంది. ఒక్కో తీగను 32 లేదా 64 ఇళ్ల దాకా పంచడం మామూలే. అందుకే స్ప్లిటర్‌కు ముందు వైరు తెగితే గల్లీ అంతా నెట్ పోతుంది. స్ప్లిటర్ తర్వాత తెగితే మీ ఒక్క ఇంటికే పోతుంది. నెట్ ఆగిన వెంటనే పక్కింటి వాళ్లను ఒక్క మాట అడగండి. వాళ్లదీ అదే కంపెనీ అయ్యుండి, వాళ్లకూ రాకపోతే సమస్య మీ ఇంట్లో లేనట్టే.

అయితే ఒక జాగ్రత్త. ఫైబర్‌లో కరెంట్ ఉండదన్నది నిజమే. కానీ ఆ గాజు తీగ తెగకుండా పట్టి ఉంచడానికి కేబుల్‌లో తరచుగా ఇనుప తీగ కూడా ఉంటుంది. పాత టీవీ కేబుళ్లలో రాగి ఉంటుంది. అవి ఎక్కడైనా విద్యుత్ తీగకు తగిలితే ఆ కరెంట్ మీ బాల్కనీ దాకా రావచ్చు. కాబట్టి తెగి వేలాడుతున్న వైరు 'నెట్ వైరే కదా' అని చేత్తో పట్టుకోవద్దు, కర్రతో ఎత్తి కట్టొద్దు. వర్షంలో అసలే వద్దు. విద్యుత్ శాఖ ఫిర్యాదు నంబర్ 1912కు ఫోన్ చేసి చెప్పండి.

డబ్బా ఒకటే.. లోపల పనులు రెండు

ఇంట్లో గోడకు తగిలించిన తెల్ల డబ్బాను కొందరు మోడెం అంటారు, కొందరు రూటర్ అంటారు, చాలామంది వైఫై డబ్బా అనేస్తారు. ముగ్గురూ కొంతవరకు కరెక్టే.

మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి వీఎస్‌ఎన్ఎల్ ద్వారా. అప్పుడు నెట్ వచ్చేది ల్యాండ్ ఫోన్ లైనులోనే. కంప్యూటర్ భాషను ఫోన్ లైన్ మోయగలిగే సిగ్నల్‌గా మార్చి, అటు నుంచి వచ్చిన దాన్ని మళ్లీ కంప్యూటర్ భాషలోకి తిప్పే పరికరమే మోడెం. ఒకరకంగా దుబాసీ. కనెక్ట్ అయ్యేటప్పుడు కీచుమని వచ్చే శబ్దం అప్పట్లో నెట్ సెంటర్లకు వెళ్లిన వాళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఫైబర్ కాలంలో ఆ దుబాసీ పని చేసేది ఓఎన్‌టీ. ఫైబర్‌లో వచ్చే వెలుతురును ఇంట్లో పరికరాలకు అర్థమయ్యే సిగ్నల్‌గా మారుస్తుంది. పసుపు లేదా తెలుపు రంగు సన్నని వైరు వచ్చి చేరేది దీనికే.

ఇక రూటర్. దీన్ని గుల్జార్ హౌజ్‌తో పోల్చొచ్చు. నాలుగు కమాన్ల మధ్య కూడలి అది. ఏ కమాన్‌లోంచి వచ్చిన బండైనా అక్కడికి చేరి, తనకు కావాల్సిన దారి పట్టాలి. రూటర్ కూడా అంతే. బయటి నుంచి వచ్చిన సమాచారం టీవీదా, ఫోన్‌దా, షాపు కంప్యూటర్‌దా చూసి సరైన దారిలోకి మళ్లిస్తుంది.

ఇప్పుడు కంపెనీలు ఇచ్చే చాలా డబ్బాల్లో ఓఎన్‌టీ, రూటర్ రెండూ కలిసే ఉంటున్నాయి. కొన్ని ఇళ్లలో మాత్రం రెండు వేర్వేరు డబ్బాలు కనిపిస్తాయి. మీ ఇంట్లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. ఫైబర్ వచ్చి కలిసేది ఓఎన్‌టీ. దాని నుంచి లావు వైరు వెళ్లేది రూటర్‌కు.

లైట్లు ఏం చెబుతున్నాయి?

డబ్బా మీద లైట్లు ఊరికే పెట్టలేదు. నాలుగింటిని గుర్తుపెట్టుకుంటే చాలు.

పవర్: ఇది వెలగకపోతే అడాప్టర్ లేదా ప్లగ్ సమస్య. ముందు వేరే ప్లగ్‌లో పెట్టి చూడండి.

పీఓఎన్: నిలకడగా వెలుగుతుంటే కంపెనీతో లైన్ కలిసినట్టు. అదే పనిగా మిణుకుతుంటే లైన్ కలవడానికి ప్రయత్నిస్తున్నట్టు.

ఎల్ఓఎస్: ఇది ఎర్ర లైట్. మామూలుగా ఆరిపోయి ఉండాలి. ఎర్రగా వెలిగినా, మిణికినా ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. అంటే వైరు తెగింది, మడత పడింది లేదా ఊడిపోయింది.

ల్యాన్, వైఫై లైట్లు: ఇంట్లో పరికరాలు డబ్బాకు కలిశాయో లేదో ఇవి చెబుతాయి.

డబ్బాను బట్టి లైట్ల రంగులు, పేర్లు కొద్దిగా మారొచ్చు. ఎర్ర లైట్ సంగతి మాత్రం దాదాపు అన్నిట్లో ఇదే. ఆ లైట్ వెలుగుతుంటే మీరు ఇంట్లో ఎన్ని బటన్లు నొక్కినా లాభం లేదు. కంపెనీకి ఫోన్ చేసి 'ఎల్ఓఎస్ రెడ్ వస్తోంది' అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అవతలి వాళ్లకు సమస్య వైరుదని అర్థమవుతుంది.

ల్యాన్ అంటే ఇల్లు.. వ్యాన్ అంటే బజారు

రూటర్ వెనక ల్యాన్, వ్యాన్ అని రాసి ఉంటుంది. ల్యాన్ అంటే లోకల్ ఏరియా నెట్‌వర్క్. మీ ఇంటి లోపలి లోకం. ఫోన్లు, టీవీ, ప్రింటర్, కెమెరాల రికార్డర్ అన్నీ ఇందులోకే వస్తాయి. వ్యాన్ అంటే వైడ్ ఏరియా నెట్‌వర్క్. గడప దాటాక ఉండే బయటి లోకం. రూటర్ ఈ రెండింటి మధ్య గడప లాంటిది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అనేది ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య వైరు లేని ల్యాన్ మాత్రమే. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే నెట్ రాకపోవచ్చు. అంటే ఇంటి లోపలి దారి బాగానే ఉంది, గడప అవతల తెగింది. బయటి నెట్ పోయినా షాపులో కంప్యూటర్ నుంచి అదే ల్యాన్‌లో ఉన్న ప్రింటర్‌కు బిల్లు పంపొచ్చు. సీసీ కెమెరాల వీడియో ఇంట్లో ఉన్న రికార్డర్‌లో రికార్డ్ అవుతూనే ఉంటుంది. ఆగిపోయేది బయటికి వెళ్లాల్సిన పని మాత్రమే.

రూటర్‌కు ఉన్న ల్యాన్ రంధ్రాలు సాధారణంగా రెండో, నాలుగో. అంతకన్నా ఎక్కువ పరికరాలకు వైర్లు పెట్టాలంటే స్విచ్ కావాలి. ఇది కరెంట్ స్విచ్ కాదు. కరెంట్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డ్ ఎలాగో నెట్‌వర్క్‌కు ఇది అలాగ. ఒక రంధ్రాన్ని ఐదో ఎనిమిదో చేస్తుంది.

ఐపీ అడ్రస్.. డోర్ నంబర్ లాంటిదే

పాతబస్తీలో డోర్ నంబర్లు చూశారుగా. వార్డు, బ్లాకు, ఇల్లు.. మధ్యలో గీతలు. నెట్‌వర్క్‌లోనూ ప్రతి పరికరానికి అలాంటి నంబర్ ఉంటుంది. అదే ఐపీ అడ్రస్. నాలుగు అంకెల గుంపులు, మధ్యలో చుక్కలు. ఉదాహరణకు 192.168.1.5.

ఈ పద్ధతిలో మొత్తం దాదాపు 429 కోట్ల అడ్రస్‌లే సాధ్యం. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది. ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు పరికరాలు. మరి ఎలా సరిపోతున్నాయి?

సమాధానం ఇరానీ హోటల్‌లో ఉంది. నాలుగు టేబుళ్ల వాళ్లు చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఆర్డర్ ఇచ్చారు. వాళ్లెవరూ వంటగదిలోకి వెళ్లరు. వెయిటర్ ఒక్కడే వెళ్తాడు. వంటగదికి తెలిసింది ఆ వెయిటర్ మొహమే. ఏ టేబుల్‌కు ఏది ఇవ్వాలో మాత్రం వెయిటర్ గుర్తుపెట్టుకుంటాడు. రూటర్ చేసేది కూడా ఇదే. ఇంట్లో పది పరికరాలు అడిగిన వాటిని తన ఒక్క అడ్రస్‌తో బయటికి పంపుతుంది. జవాబు రాగానే ఎవరిది వాళ్లకు ఇస్తుంది. ఈ పద్ధతి పేరు నాట్. బయటికి కనిపించే అడ్రస్‌ను పబ్లిక్ ఐపీ అని, ఇంటి లోపలి అడ్రస్‌లను ప్రైవేట్ ఐపీ అని అంటారు. 192.168తో మొదలయ్యేవన్నీ ప్రైవేటే. అందుకే మీ ఇంట్లోనూ, పక్కింట్లోనూ అదే నంబర్ ఉన్నా గొడవ రాదు. ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో నంబర్లకు ఇక కరువే లేదు. అయితే పాతదీ కొత్తదీ ఇంకా పక్కపక్కనే నడుస్తున్నాయి.

కొత్త ఫోన్ వైఫైలో చేరగానే దానికి నంబర్ ఇచ్చేది డీహెచ్‌సీపీ. ఆసుపత్రిలో ఓపీ టోకెన్ ఇచ్చినట్టు, ఖాళీగా ఉన్న నంబర్ ఒకటి ఇస్తుంది. కొంత గడువు దాటాక దాన్ని వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. షాపులో ప్రింటర్ నిన్న పనిచేసి ఇవాళ 'దొరకట్లేదు' అంటోందంటే, దాని నంబర్ మారిపోయి ఉండొచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో ఆ ప్రింటర్‌కు ఒకే నంబర్ రిజర్వ్ చేయిస్తే ఆ బాధ పోతుంది. కంప్యూటర్‌లో అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం దానికి టోకెన్ అందలేదని అర్థం. తప్పు కంపెనీది కాదు. కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్యే ఏదో తేడా ఉంది.

వాట్సాప్ వస్తోంది.. వెబ్‌సైట్ రావట్లేదు!

ఒక్కోసారి ఈ వింత జరుగుతుంది. మెసేజ్‌లు వెళ్తుంటాయి, బ్రౌజర్‌లో మాత్రం ఏ సైట్ కొట్టినా తెరుచుకోదు. చాలాసార్లు దీనికి కారణం డీఎన్ఎస్.

ఫోన్‌లో 'అమ్మ' అని నొక్కితే కాల్ వెళ్తుంది. నిజానికి కాల్ వెళ్లేది నంబర్‌కు. పేరుకు నంబర్ వెతికిచ్చేది కాంటాక్ట్స్ లిస్ట్. ఇంటర్నెట్‌కు అలాంటి కాంటాక్ట్స్ లిస్టే డీఎన్ఎస్. మీరు వెబ్‌సైట్ పేరు కొడతారు, అది ఐపీ అడ్రస్ వెతికి ఇస్తుంది. ఆ లిస్ట్ ఇచ్చే సర్వర్ మొరాయిస్తే లైన్ బాగున్నా సైట్ తెరుచుకోదు. అప్పుడు ఫోన్ లేదా రూటర్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ మార్చి చూడొచ్చు. గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1. రెండూ ఉచితమే.

మందపాటి గోడలు.. బలహీనమైన సిగ్నల్

పాతబస్తీ పాత ఇళ్ల గోడలు రాయితో, డంగు సున్నంతో కట్టినవి. ఎండాకాలం చల్లగా ఉంటాయి కానీ వైఫైకి మాత్రం శత్రువులే. వైఫై అంటే రేడియో తరంగాలు. మందపాటి గోడ దాటేసరికి నీరసపడిపోతాయి.

రూటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే, ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. నెట్‌వర్క్ లిస్టులో కనిపించే ఆ పేరునే ఎస్ఎస్ఐడీ అంటారు. 2.4 దూరం ఎక్కువ పోతుంది, గోడలను కాస్త తట్టుకుంటుంది, కానీ స్పీడ్ తక్కువ. పైగా చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ ఆన్ చేసినా దానికి అడ్డే. 5 స్పీడ్ ఎక్కువ ఇస్తుంది, కానీ గోడ దాటితే డీలా పడుతుంది. కాబట్టి రూటర్ ఉన్న గదిలో 5 వాడండి, దూరంగా ఉంటే 2.4 వాడండి.

రూటర్‌ను బీరువా వెనకో, మెట్ల కింద మీటర్ పక్కనో పెడితే పై అంతస్తుకు సిగ్నల్ రాదు. ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టాలి. అప్పటికీ రాకపోతే? బజారులో దొరికే రిపీటర్ చవకే కానీ, వచ్చిన సిగ్నల్‌నే పట్టుకుని మళ్లీ పంపుతుంది కాబట్టి మామూలు రిపీటర్లలో స్పీడ్ బాగా తగ్గిపోతుంది. మందపాటి గోడలున్న ఇంటికి మేలైన దారి ఒకటే. కింద రూటర్ నుంచి పైకి ఒక ల్యాన్ వైరు లాగి, అక్కడ యాక్సెస్ పాయింట్ పెట్టించుకోవడం. వైరుకు గోడల బాధ లేదు. 100 మీటర్ల దాకా మామూలు ల్యాన్ కేబుల్ ఢోకా లేకుండా పనిచేస్తుంది.

ఆ కేబుల్‌లో ఒక కిటుకు ఉంది. లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. చివర్లో ప్లగ్ సరిగా బిగించక వాటిలో ఒక్కటి ఊడినా లైన్ పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోవచ్చు. 300 ప్లాన్‌కు డబ్బులు కడుతున్నా వైరు పెట్టిన కంప్యూటర్‌లో టెస్ట్ చేస్తే 94, 95 దాటట్లేదా? ప్లాన్‌ను అనుమానించే ముందు ఆ కేబుల్ మార్చి చూడండి.

స్పీడ్ లెక్క కూడా తెలుసుకోవాలి. కంపెనీ చెప్పే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైల్ సైజు మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైట్. అంటే 100 ఎంబీపీఎస్ లైన్లో సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లే దిగుతాయి. ఒక జీబీ సినిమాకు నిమిషం పైనే పడుతుంది. అది మోసం కాదు, లెక్కే అంత.

పాస్‌వర్డ్ పంచితే ఏమవుతుంది?

'పోనీలే, పక్కింటి పిల్లాడే కదా' అని వైఫై పాస్‌వర్డ్ చెప్పేస్తుంటాం. వాడి నుంచి ఫ్రెండ్స్‌కు, వాళ్ల నుంచి గల్లీకి. డేటా పోతుందన్నది చిన్న సమస్యే. అసలు సమస్య వేరే ఉంది.

పైన చెప్పిన ఇరానీ హోటల్ వెయిటర్‌ను గుర్తుచేసుకోండి. వంటగదికి కనిపించేది అతని మొహం ఒక్కటే. మీ వైఫై వాడి ఎవరు ఏం చేసినా బయటి లోకానికి కనిపించేది మీ కనెక్షన్ అడ్రసే. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్తే అది నవీ ముంబైలో ఉంటున్న ఓ అమెరికన్ ఇల్లు. ఆయనకు ఆ మెయిల్‌తో సంబంధం లేదు. ఆయన వైఫైని సరిగా లాక్ చేయకపోవడంతో ఎవరో దాన్ని వాడుకున్నారని తర్వాత తేలింది. కానీ ఈలోగా ఆయన ఎన్ని విచారణలు ఎదుర్కోవాల్సి వచ్చిందో!

అందుకే ఈ నాలుగు పనులు చేయండి. ఒకటి, వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 మీద ఉందో లేదో చూడండి. రెండు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి వాడేది. చాలా ఇళ్లలో కొన్నప్పుడు ఉన్నదే ఉంటుంది. ఎవరైనా లోపలికి వెళ్లి డీఎన్ఎస్ మార్చేస్తే, మీరు బ్యాంక్ పేరు కొట్టినా దొంగ సైట్‌కు తీసుకెళ్లొచ్చు. మూడు, చుట్టాలకు, కస్టమర్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. దాంతో నెట్ వస్తుంది కానీ మీ షాపు కంప్యూటర్, కెమెరాలు వాళ్లకు కనిపించవు. నాలుగు, సీసీ కెమెరా పాస్‌వర్డ్‌ను కూడా మార్చండి. డబ్బులు పోయే సైబర్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంతకీ షాలిబండ ఇంట్లో ఏం జరిగింది?

ఆ ఇంట్లో డబ్బా మీద ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది. అంటే వైరు వీధిలోనే తెగింది. లైన్‌మ్యాన్ వచ్చి అరగంటలో తెగిన ఫైబర్‌ను అతికించాడు. ఎర్ర లైట్ ఆరింది, పీఓఎన్ నిలకడగా వెలిగింది. అయినా నెట్ రాలేదు!

కారణం పిన్నీసు. రీస్టార్ట్ అంటే డబ్బాను ఆపి మళ్లీ ఆన్ చేయడం. దాంతో నష్టం లేదు. రీసెట్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేసేయడం. వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. వాటితో పాటు చాలా కనెక్షన్లలో లైన్ కలవడానికి వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అవి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా రాసి లేవు. కస్టమర్ కేర్ లైన్ కలిసేసరికి, వివరాలు మళ్లీ ఎక్కించేసరికి రాత్రి పదిన్నర. అరగంటలో తీరాల్సిన సమస్య మూడున్నర గంటలు పట్టింది. మాక్ టెస్ట్ గడువు ముగిసిపోయింది.

ఈసారి నెట్ ఆగితే ఈ వరసలో చూడండి

1. ఒక్క ఫోన్‌లోనే రావట్లేదా, అన్నిట్లోనా? ఒక్కదానిలోనే అయితే సమస్య ఆ ఫోన్‌ది. వైఫై ఆపి మళ్లీ కలపండి.

2. డబ్బా లైట్లు చూడండి. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే వైరు సమస్య. ఇంట్లో ఫైబర్ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, లేకపోతే కంపెనీకి ఫోన్ చేయండి. వైరు చివరను ఊడదీసి కంటితో లోపలికి చూడొద్దు. ఆ లేజర్ కంటికి కనిపించదు కానీ హాని చేయొచ్చు.

3. పక్కింట్లో అదే కంపెనీ నెట్ ఉంటే వాళ్లకు వస్తోందో లేదో అడగండి.

4. లైట్లన్నీ బాగుంటే డబ్బాను ఆపి, ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి. మళ్లీ లైన్ కలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా కంగారుపడి మళ్లీ ఆపొద్దు.

5. అప్పటికీ రాకపోతే ప్లాన్ గడువు చూసుకోండి. వాట్సాప్ వచ్చి సైట్లు రాకపోతే డీఎన్ఎస్ మార్చి చూడండి.

6. రీసెట్ మాత్రం కంపెనీ వాళ్లు చెబితేనే, వివరాలు చేతిలో ఉంటేనే.

ఇవాళే ఒక చిన్న పని చేయండి. కస్టమర్ ఐడీ, యూజర్‌నేమ్, కస్టమర్ కేర్ నంబర్ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్లకు తెలిసిన చోట భద్రంగా పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. వైరు వీధిలో ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ కాగితం ఉంటే, వైరు అతికిన నిమిషంలోనే మీ ఇంట్లో నెట్ మళ్లీ వస్తుంది.